కరకరలాడే చికెన్ రైస్ బౌల్: ముక్క మెత్తబడకుండా, పిండి ఊడకుండా, ముప్పావు గంటలో

తమ్ముడూ, మీరు అడిగింది ఇది. విజయనగరం కంటోన్మెంట్‌లో అద్దె ఇల్లు, ఆఫీసు నుంచి వచ్చేసరికి రాత్రి ఏడు. ఇంట్లో రెండు పొయ్యిల స్టవ్వు, కుక్కరు, ఒక మూకుడు ఉన్నాయి, ఓవెన్, ఎయిర్ ఫ్రైయర్ లాంటివి లేవు. విశాఖలో తిన్న క్రిస్పీ చికెన్ రైస్ బౌల్ ఇంట్లో చేద్దామంటే సగం ముక్కలకు మూకుట్లోనే పిండి ఊడిపోతోంది, ఊడనివి అన్నం మీద పెట్టిన ఐదు నిమిషాలకే మెత్తబడుతున్నాయి. పైగా రెండు గంటలు పడుతోంది. మిగిలినవి మర్నాడు బాక్సులో పట్టుకెళ్లొచ్చా అని కూడా అడిగారు. శ్రీకాకుళంలో చాలాకాలం కర్రీ పాయింట్ నడిపినదాన్ని, సాయంత్రాలు చికెన్ పకోడీ, చికెన్ 65 కూడా వేసేదాన్ని. అందుకే కాస్త వివరంగానే చెబుతాను.

పిండి ఊడటం, ముక్క మెత్తబడటం వేరువేరు జబ్బుల్లా కనిపిస్తాయి కానీ రెండిటికీ కారణం తడే. ముక్క మీద తడి ఉంటే పిండి పట్టదు. ముక్క లోపలి తడి బయటికి వస్తే పైపొర నానుతుంది. అన్నం ఆవిరి, సాస్‌లో నీళ్లు తగిలితే ఎంత బాగా వేపినా నానుతుంది. శ్రీకాకుళంలో సాయంత్రం పూట ఏడు రోడ్ల జంక్షన్ వైపు బండి దగ్గర నిలబడి తింటే పకోడీ కరకరలాడుతుంది, అదే పకోడీ పార్సిల్ కట్టించి ఇంటికి తెచ్చి విప్పితే కవరు లోపలి వైపంతా నీటి చుక్కలు, పకోడీ మెత్తన. బండివాళ్లు వేపడంలో లోపమేమీ లేదు, వేడి ముక్కలోంచి వచ్చిన ఆవిరికి బయటికి దారి లేకపోయింది అంతే. మీ బౌల్‌లోనూ అదే జరుగుతోంది. కాబట్టి మసాలా ఏం వేయాలన్న ఆలోచన కాసేపు పక్కన పెట్టి, దుకాణంలో ముక్క కొట్టించిన దగ్గర్నుంచి గిన్నెలో పెట్టేదాకా తడి ఎక్కడెక్కడ చేరుతోందో చూసుకోండి.

ముందు చికెన్. మన వైపు దుకాణాల్లో ఊరికే బోన్‌లెస్ అంటే చాలాచోట్ల రొమ్ము ముక్కే ఇస్తారు. అందులో కొవ్వు తక్కువ, ఒక్క నిమిషం ఎక్కువ వేగినా పీచులా అవుతుంది. తొడ మాంసం అడగండి. లెగ్ బోన్‌లెస్ విడిగా లేదంటే ముప్పావు కిలో లెగ్ పీసులు తీసుకుని ఎముక తీసి ఇమ్మనండి, కాస్త అటూ ఇటూగా అరకిలో మాంసం వస్తుంది, ఇద్దరికి అది చాలు. ఆ ఎముకలు పారేయకండి, మర్నాడు మిరియాల చారుకు పనికొస్తాయి. ఆదివారం పొద్దున రద్దీలో ఎముక తీసి ఇవ్వమంటే విసుక్కుంటారు. మామూలు రోజు సాయంత్రం అడిగితే తీరిగ్గా చేసిస్తారు.

ఇంటికి తెచ్చాక ఉప్పు, పసుపు వేసి నాలుగు నీళ్లు పోసి కడగడం మనందరి అలవాటు. కడిగితే క్రిములు చావవు. పైగా కుళాయి కింద కడిగినప్పుడు చిందే నీళ్లతో సింకు గట్టు మీదకీ పక్కనున్న గిన్నెల మీదకీ చేరతాయి. వాటిని చంపేది వేడే. ముక్క మధ్యలో 74 డిగ్రీల సెల్సియస్ దాటితే చాలు, నూనెలో అది నిమిషాల మీద జరుగుతుంది. కడగకపోతే మనసొప్పదు అనుకుంటే ఒక గిన్నెలో నెమ్మదిగా ఒక్కసారి కడిగి, జల్లెడలో పది నిమిషాలు వేసి నీరు కారనిచ్చి, తర్వాత టిష్యూతో ప్రతి ముక్కనూ అద్దండి. ఈ అద్దడం మాత్రం కడిగినా కడగకపోయినా తప్పదు. పిండి ఊడిపోతోందన్నారు కదా, సగం పరిష్కారం ఇక్కడే ఉంది.

ముక్కలు అంగుళం, అంగుళంపావు సైజులో, దాదాపు ఒకే మందంలో కోయండి. అరకిలోకి ఒక చెంచాడు ఉప్పు, అర చెంచా మిరియాల పొడి, ఒక చెంచా కారం చాలు. సోయా సాస్ వేస్తారా, ఒక పెద్ద చెంచాడు వేసి ఉప్పు సగానికి తగ్గించండి. అల్లం వెల్లుల్లి ముద్దను నేరుగా వేయకండి. ముద్ద ముక్క మీద ఉండిపోయి, లోపల ఉడికేలోగా అది నల్లగా మాడి చేదెక్కుతుంది. ముద్దను గుప్పిట్లో పిండి, ఆ రసం మాత్రం వేయండి. పెరుగు, నిమ్మరసం అసలు వద్దు. చికెన్ 65కి పెరుగు వేస్తాం, అక్కడ బాగుంటుంది, కానీ ఇక్కడ పులుపుకి ముక్క పైభాగం మెత్తబడి పిండి జారిపోతుంది. ఉప్పు పట్టడానికి పదిహేను నిమిషాలు చాలు, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టక్కర్లేదు. ఉప్పుకి నీరు ఊరుతుంది, పిండి పట్టించే ముందు ఆ నీరు తప్పకుండా ఒంపేయండి.

ఇక పిండి విషయం. మైదా ఒక్కటే వేస్తే మొదట బాగానే ఉంటుంది గానీ చల్లారేకొద్దీ సాగుతుంది, అందులో గ్లూటెన్ అనే సాగే పదార్థం ఉంటుంది కనుక. శనగపిండి పకోడీకి రుచి, కానీ తేమ తొందరగా పీలుస్తుంది. ఈ వంటకు కార్న్‌ఫ్లోర్, బియ్యప్పిండి కలిపి వాడాలి. జపాన్‌లో ఇలాంటి వేపుడుని కరాగే అంటారు, తొడ మాంసానికి సోయా, అల్లం, వెల్లుల్లి పట్టించి ఎక్కువగా బంగాళదుంప పిండిలో పొర్లించి వేపుతారు. ఆ పిండి మనకు ప్రతి కిరాణా కొట్లోనూ దొరకదు, కార్న్‌ఫ్లోర్ దానికి దగ్గరగా పనిచేస్తుంది. కొట్లో తెల్లగా, టాల్కం పౌడరంత మెత్తగా ఉండేది అడిగి తీసుకోండి. రొట్టెలకు వాడే పసుపుపచ్చ మొక్కజొన్న పిండి దీనికి పనికిరాదు. బియ్యప్పిండి మరపట్టించిన పొడి పిండి కావాలి. అరిసెల కోసం నానబెట్టి దంచిన తడిపిండి మిగిలింది కదా అని వేస్తే నూనె పీల్చేస్తుంది. పొడి పిండి కూడా ఒకసారి జల్లించండి, బరకగా ఉంటే పంటికి ఇసుకలా తగులుతుంది.

కొలత: ఆరు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్, నాలుగు పెద్ద చెంచాల బియ్యప్పిండి, చిటికెడు ఉప్పు. ఇందులోంచి రెండు చెంచాలు తీసి ముక్కల మీద వేసి, ఒక కోడిగుడ్డు తెల్లసొన కూడా వేసి కలపండి. పలచటి జిగురులా ముక్కకు అంటుకోవాలి, గిన్నె అడుగున నిలవకూడదు. నిలిచిందంటే ముందు ఒంపాల్సిన నీరు ఒంపలేదన్నమాట, ఇంకో చెంచా పిండి వేయండి. పచ్చసొన అట్టేపెట్టండి, మర్నాడు ఆమ్లెట్‌లోకి పోతుంది.

ఇప్పుడు మిగిలిన పొడి పిండిని ఒక పళ్లెంలో పరిచి, దాని మీద రెండు చిన్న చెంచాల నీళ్లు చిలకరించి వేళ్ల కొసలతో రుద్దండి. అక్కడక్కడ ఆవగింజంత, పెసరగింజంత ఉండలు కడతాయి. ఆ ఉండలే ముక్క మీద గరుకుగా అతుక్కుని, వేగాక కరకరలాడేవి. ఒక్కో ముక్కనూ అందులో వేసి పైనుంచి పిండి కప్పి అరచేత్తో గట్టిగా అదమండి, ఊరికే దొర్లిస్తే సరిపోదు. అన్నిటికీ పట్టించాక పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా ఐదు నిమిషాలు వదిలేయండి. మొదట ముక్క మీద తెల్లగా పొడిపొడిగా ఉన్న పిండి ఐదు నిమిషాల్లో కాస్త తడిసి మాసినట్టు అవుతుంది. అలా అయ్యిందంటే పిండి ముక్కను పట్టుకుందని అర్థం. మరీ ఆలస్యమైతే మాత్రం ముద్దయిపోతుంది, ఐదు నిమిషాలు కాగానే మొదటి వాయి నూనెలో పడాలి.

మూకుడు గుండ్రటి అడుగుది ఉందన్నారు, మంచిది. చదును పాన్ కంటే అందులో తక్కువ నూనెతో లోతు వస్తుంది, మీకు అరలీటరు లోపే సరిపోతుంది. వేరుశెనగ నూనె గానీ తవుడు నూనె గానీ వాడండి. సన్‌ఫ్లవర్ ఉంటే అదీ ఫరవాలేదు.

వేడి 170 నుంచి 175 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మామీటరు లేకపోతే ఏమీ టెన్షన్ పడకండి. పళ్లెంలో మిగిలిన పిండి ఉండ ఒకటి వేయండి. అది కాస్త కిందికి దిగి, ఒకటి రెండు లెక్కపెట్టేలోగా పైకి తేలితే నూనె సరిగ్గా ఉంది. అడుగునే కూర్చుంటే ఇంకా కాగాలి. దిగకుండా పైనే చిటపటలాడితే మంట తగ్గించి ఒక నిమిషం ఆగాలి. ముక్కల్ని మూడు వాయిలుగా వేయండి. అరకిలో ఒకేసారి గుమ్మరిస్తే నూనె వేడి ఒక్కసారిగా పడిపోయి, ముక్కలు వేగే బదులు నూనెలో ఉడుకుతాయి, పిండి నూనె తాగుతుంది. వేసిన తర్వాత మొదటి నిమిషం గరిటె పెట్టకండి. మీ పిండి మూకుట్లో ఊడిపోవడానికి రెండో కారణం ఇదే అయ్యుంటుంది, పచ్చిగా ఉన్నప్పుడే చిల్లుల గరిటెతో తిప్పేసి ఉంటారు. గట్టిపడ్డాక ఎంత తిప్పినా ఊడదు.

వేగేటప్పుడు కంటితో పాటు చెవి కూడా పెట్టండి. మొదట్లో పెద్ద పెద్ద బుడగలతో నూనె గోలగోలగా ఉంటుంది, అదంతా ముక్కలోని నీరు ఆవిరై పోతున్న చప్పుడు. మూడు నాలుగు నిమిషాలకు బుడగలు సన్నబడతాయి, చప్పుడు తగ్గుతుంది. ముక్క ఇంకా లేత గోధుమరంగులోనే ఉంటుంది. అప్పుడే తీసేయాలి. ఎర్రగా అయ్యేదాకా ఉంచితే లోపల ఎండిపోతుంది.

తీసినవి జల్లెడలో గానీ, స్టీలు తీగల స్టాండు మీద గానీ వేయండి, కింద పళ్లెం పెట్టుకుంటే చాలు. కాగితం మీద పోస్తే కింది వైపు ఆవిరి పోయే దారి లేక అటువైపు మెత్తబడుతుంది. న్యూస్‌పేపరు మీద మాత్రం అసలు వద్దు. ఆ సిరాలోని రసాయనాలు వేడి నూనెకు తిండిలోకి దిగుతాయని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016లోనూ, మళ్లీ 2023లోనూ హెచ్చరించింది. అయినా మన వైపు బజ్జీలు, పకోడీలు ఇంకా చాలాచోట్ల పేపరులోనే కట్టిస్తున్నారు, చూస్తే బాధేస్తుంది.

మూడు వాయిలూ అయ్యేసరికి మొదటి వాయి ముక్కలకు విశ్రాంతి దొరికినట్టే. ఈ విరామంలో ముక్క మధ్యలోని వేడి, తేమ బయటికి తోసుకొచ్చి పైపొర కొంచెం మెత్తబడుతుంది. కంగారు పడకండి, అలాగే జరగాలి. ఇప్పుడు మంట పెంచి నూనెను 190 దాకా కాగనివ్వండి, పిండి ఉండ వేస్తే కిందికి దిగకుండానే చిటపటమనాలి, పొగ మాత్రం రాకూడదు. ఈసారి రెండు వాయిల్లో, ఒక్కో వాయి ఒక నిమిషం, మహా అయితే నిమిషంన్నర. బయటికి వచ్చిన ఆ తేమను ఇది తరిమేస్తుంది, రంగూ వస్తుంది. గరిటెతో జల్లెడలోకి జారవిడిచినప్పుడు ముక్కలు ఎండు గలగల శబ్దం చేయాలి. రెండుసార్లు వేపితే నూనె ఎక్కువ తాగుతుందని చాలామంది అనుకుంటారు. నూనెలో ఉండే మొత్తం సమయం ఐదు నిమిషాలకు కాస్త అటూ ఇటూ అంతే, ఒకేసారి సన్న మంట మీద పది నిమిషాలు వేపిన దానికంటే ఇదే తేలిగ్గా ఉంటుంది. దింపే ముందు ఆ నూనెలోనే తడి లేకుండా తుడిచిన రెండు రెబ్బల కరివేపాకు వేయించి తీయండి.

అన్నం దగ్గర చాలామంది శ్రద్ధ పెట్టరు, నా లెక్కన బౌల్‌లో సగం గొప్పతనం అన్నానిదే. బాస్మతి అక్కర్లేదు, దాని వాసన సాస్‌తో పోట్లాడుతుంది. మామూలు సోనా మసూరి గానీ, బాపట్ల వాళ్ల సాంబ మసూరి, అంటే బీపీటీ 5204 రకం గానీ బాగుంటుంది. లేదా మన రాగోలు పరిశోధన కేంద్రంలో పుట్టిన ఆర్జీఎల్ 2537, అదే శ్రీకాకుళం సన్నాలు, దొరికితే ఇంకా మంచిది. ఏదైనా పాత బియ్యం కావాలి. కొత్త బియ్యం అయితే ముద్దయిపోయి తడి ఎక్కువ పట్టి ఉంచుకుంటుంది.

కుక్కర్లో పెట్టిన అన్నం మూత తీయగానే చెమ్మగా ఉంటుంది. ఇంట్లో రెండు పొయ్యిలున్నాయి కాబట్టి ఒకదాని మీద గిన్నెలో ఎసరు పెట్టి ఉడికించి గంజి వార్చండి. ఇద్దరికి ఒక గ్లాసుడు బియ్యం, పదిహేను నిమిషాలు నానబెట్టి మరిగే నీళ్లలో వేస్తే పన్నెండు పదిహేను నిమిషాల్లో పలుకు పోతుంది. వార్చాక గిన్నెను తిరిగి సన్న సెగ మీద రెండు నిమిషాలు మూత లేకుండా పెడితే మెతుకు విడివిడిగా నిలుస్తుంది. వార్చడం చేతకాకపోతే కుక్కరే వాడండి, కానీ నీళ్లు కొంచెం తగ్గించి, ఉడికాక వెడల్పాటి పళ్లెంలో పరిచి ఫ్యాన్ కింద మూడు నిమిషాలు ఉంచండి. అన్నం వేడిగా ఉండాలి గానీ పొగలు కక్కకూడదు. మూత తీసిన వెంటనే గిన్నెలో పోసి దాని మీద చికెన్ పెడితే మనం ఇందాక నుంచి పడ్డ శ్రమంతా ఆ ఆవిరిలో పోతుంది.

సాస్‌కు రెండు దారులు చెబుతాను, ఒకటి పల్చనిది, ఒకటి పాకం.

పల్చనిది అన్నం మీద పోసుకోవడానికి. రెండు పెద్ద చెంచాల సోయా సాస్, ఒక చెంచా తురిమిన బెల్లం, ఒక చెంచా వెనిగర్, నాలుగు వెల్లుల్లి రెబ్బల తరుగు, అర కప్పు నీళ్లు, కలిపి మరిగించి, అర చెంచా కార్న్‌ఫ్లోర్ చన్నీళ్లలో కలిపి పోస్తే చిక్కబడుతుంది. ఇది చికెన్ మీద పోయకండి. అన్నం మీద పోసి, ఆపైన చికెన్ పెట్టుకోండి.

చికెన్‌కే సాస్ పట్టాలి అనుకుంటే పాకం చేయాలి. నిమ్మకాయంత బెల్లం, రెండు చెంచాల చిక్కటి చింతపండు గుజ్జు, చెంచాడు ఎండుమిర్చి పలుకులు, ఆరు వెల్లుల్లి రెబ్బలు దంచి, రెండు చెంచాల సోయా. ఇవన్నీ చిన్న గిన్నెలో వేసి బుడగలు చిక్కబడే దాకా, వేళ్ల మధ్య జిగురుగా సాగే లేతపాకం వచ్చేదాకా మరిగించండి. మంట ఆపాక చికెన్ వేసి పది పదిహేను సెకన్లలో కలిపి తీసేయాలి. నీరు చాలావరకు ఇగిరిపోయిన పాకం ముక్కను తొందరగా నానబెట్టదు, పాకం పట్టిన బెల్లం గవ్వలు రోజుల తరబడి కరకరలాడినట్టే. నీళ్లున్న సాస్‌లో కలిపితే రెండు నిమిషాల్లో మెత్తన. మన ఇళ్లలో పులుసులోనూ పప్పులోనూ బెల్లం ముక్క పడటం మామూలే కాబట్టి ఈ తీపి పులుపు మనవాళ్ల నాలుకకు కొత్తగా అనిపించదు, పెద్దవాళ్లకు పెట్టినా ఇష్టంగా తింటారు.

హోటళ్లలో బౌల్ మీద మయోనైజ్ తీగలా గీస్తారు, మీరు తిన్నదానిలోనూ ఉండే ఉంటుంది. ఇంట్లో పచ్చి గుడ్డుతో అది చేయకండి, మన ఎండలకు అసలే కుదరదు. పచ్చి గుడ్డు మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో ఏడాది పాటు నిషేధించింది కూడా. దాని బదులు మన ఉత్తరాంధ్ర ఇళ్లలో చేసే ఆవ పెట్టిన పెరుగు పెట్టండి. వేపుడు జిడ్డును ఆవ ఘాటు కోసేస్తుంది, మయోనైజ్ ఆ పని చేయలేదు. చెంచాడు ఆవాలు పది నిమిషాలు చన్నీళ్లలో నానబెట్టి, ఒక పచ్చిమిర్చి, చిటికెడు ఉప్పుతో మెత్తగా నూరండి. నీళ్లు చల్లగానే ఉండాలి. ఆవాలలో ఘాటు పుట్టేది నూరినప్పుడు తడి తగిలాకే, వేన్నీళ్లు పోస్తే ఆ ఘాటు పుట్టకుండానే చచ్చి ఉత్త చేదు మిగులుతుంది. నూరాక ఐదు పది నిమిషాలు వదిలేస్తే ముక్కుకు ఎక్కేంత ఘాటు వస్తుంది. అప్పుడు గుడ్డలో కట్టి నీరు కార్చిన గట్టి పెరుగు అర కప్పులో నూరిన ఆవ ముందు సగం కలిపి రుచి చూసి, సరిపోకపోతే మిగతాది కలపండి. పెరుగులో నీరు కార్చకుండా వేస్తే అదీ చికెన్ కిందకే పారుతుంది. అలవాటు లేని స్నేహితులు వస్తే ఆవ తగ్గించి పెట్టండి.

పక్కన ఏదో ఒకటి పచ్చిది, పుల్లటిది కావాలి. కీరా దోసకాయ, ఉల్లిపాయ, క్యారెట్ పలచగా తరిగి ఉప్పు, నిమ్మరసం, చిటికెడు పంచదార వేసి పది నిమిషాలు ఉంచి, చేత్తో గట్టిగా పిండండి. ముల్లంగి ఉంటే అదీ బాగుంటుంది.

నువ్వుల గురించి ఒక మాట. ఇలాంటి బౌల్‌కి నువ్వుల నూనె చుక్కలు వేయమని వీడియోల్లో చెబుతారు. వాళ్లు చెప్పేది వేయించిన నువ్వుల నుంచి తీసిన ముదురు రంగు నూనె. మన గానుగ నూనె పచ్చి నువ్వులది, మంచిదే గానీ ఆ వాసన రాదు. మనకు నువ్వులకు కొదవ లేదు. రెండు చెంచాల నువ్వులు సన్న సెగ మీద దోరగా వేయించి, సగం కచ్చాపచ్చాగా దంచి, సగం అలాగే పైన చల్లండి. పలాస జీడిపప్పు ముక్కలుంటే నాలుగు వేయించి వేయండి, కానీ పిండిలో కలిపి వేపకండి, జీడిపప్పు చికెన్ కంటే చాలా ముందే మాడుతుంది.

గిన్నె లోతైనది వద్దు, వెడల్పుగా ఉన్నది తీసుకోండి. అడుగున అన్నం, దాని మీద పల్చటి సాస్ రెండు చెంచాలు, ఒక పక్కకు పిండిన కూరముక్కలు, ఇంకో పక్కకు ఆవ పెరుగు, మధ్యలో చికెన్ ఒకే వరసలో. గుట్టలా పోస్తే కింది ముక్కలు పై ముక్కల ఆవిరికి నానతాయి. పైన నువ్వులు, కరివేపాకు. ఫొటో కోసం మూత పెట్టి అట్టేపెట్టడాలు వద్దు, వెంటనే తినాలి.

రెండు గంటలు పడుతోందన్నారు, అది ఒక్కో పనీ ఒకదాని తర్వాత ఒకటి చేయడం వల్ల. ఇంట్లో అడుగుపెట్టగానే బియ్యం, ఆవాలు నానబోయండి, పెరుగు గుడ్డలో కట్టి వేలాడదీయండి. చికెన్ అద్ది, కోసి, ఉప్పు కారం పట్టించండి. అది ఊరే పదిహేను నిమిషాల్లో ఎసరు మరుగుతుంది, కీరా తరుగుడు అయిపోతుంది, ఆవ నూరడమూ అయిపోతుంది. బియ్యం ఉడుకుతుండగా చికెన్‌కి పిండి పట్టించండి. పిండి పట్టిన ముక్కలు ఆగే ఐదు నిమిషాల్లో అన్నం వార్చి, రెండో పొయ్యి మీద నూనె పెట్టండి. మొదటి వేపుడు జరుగుతుండగా పక్క పొయ్యి మీద సాస్ మరిగిపోతుంది. రెండో వేపుడు అన్నిటికంటే చివర, అందరూ కూర్చున్నాక. అలా చేస్తే ముప్పావు గంటలో మీ ముందు ఉంటుంది. ఇంకా తొందరగా కావాలంటే మొదటి వేపుడు గంట ముందే చేసి పెట్టుకుని, తినే ముందు రెండోది వేసుకోవచ్చు. చుట్టాలు వచ్చినప్పుడు నేను ఇప్పటికీ ఇలాగే చేస్తాను.

బాక్సు సంగతి నిజం చెప్పాలంటే మర్నాడు మధ్యాహ్నానికి కరకర ఉండదు. జపాన్‌వాళ్లు కరాగేను లంచ్ బాక్సులో చల్లగానే తింటారు, పొర మెత్తబడ్డా లోపలి రుచి కోసం. అలా తినడం మీకు ఇష్టమైతే ఉప్పు, అల్లం రసం కాస్త ఎక్కువ పట్టించండి. రాత్రి మిగిలిన ముక్కలు చల్లారిన వెంటనే, మహా అయితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయాలి. మన ఉక్కలో చికెన్‌ను గట్టు మీద వదిలేయకూడదు. పొద్దున నూనె లేకుండా ఇనప పెనం మీద నాలుగు నిమిషాలు అటూ ఇటూ బాగా వేడెక్కేలా తిప్పి, పూర్తిగా చల్లారాక వేరే డబ్బాలో పెట్టండి, అన్నంతో కలిపి పెట్టకండి. వేడిగా ఉండగా మూత పెడితే మళ్లీ మెత్తబడుతుంది.

అన్నం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, గది వేడిలో గంటల తరబడి ఉంచితే పెరిగి వాంతులు, విరేచనాలు పట్టిస్తాయి, వాంతులు తెప్పించే విషం మళ్లీ వేడి చేసినా పోదు. కాబట్టి బాక్సుకు పొద్దున్నే కొత్తగా వండిన అన్నమే పెట్టండి. రాత్రి అన్నమే పెట్టుకోవాలంటే వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లి ఉండాలి.

వాడిన నూనె చల్లారాక గుడ్డలో వడకట్టండి, అడుగున మిగిలిన పిండి నలకలే నూనెను తొందరగా పాడుచేసేవి. సీసాలో పోసి చీకటిగా ఉన్న చోట పెట్టి, రెండు మూడు రోజుల్లో పోపులకు వాడేయండి, మళ్లీ వేపుళ్లకు వద్దు. రంగు నల్లబడినా, కాగేటప్పుడు నురగ వస్తున్నా, తొందరగా పొగ లేస్తున్నా పోపుకి కూడా పనికిరాదు. హోటళ్లు వేపుడు నూనెను ఎంతవరకు వాడొచ్చో 2018 జూలై నుంచి నిబంధన ఉంది, టోటల్ పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె పదేపదే కాగినప్పుడు పుట్టే పాడు పదార్థాలు, 25 శాతం దాటితే ఆ నూనె పారేయాల్సిందే. ఇంట్లో ఆ కొలత తీసే పరికరం ఉండదు కాబట్టి రంగు, నురగ, పొగ చూసుకోవాలి. పారేసేటప్పుడు సింకులో పోయకండి, పాత సీసాలో పోసి మూత బిగించి చెత్తలో వేయండి.